కట్టలక్క ఇవ్వనన్న డబ్బు

ఆవిడకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. మా వీధిలో ఆ పేరుతో పిలిచినవాళ్ళని నేను చూడలేదు. అందరికీ కట్టలక్కే. ఆ పేరు పెట్టింది నేనే కాబట్టి కాస్త గర్వంగానే చెబుతున్నాను.

ఆవిడ కొట్టు నా తాళాల కొట్టుని ఆనుకుని ఉండేది. మధ్యగోడ ఎంత పలచనంటే, నేనిక్కడ తాళంచెవి అరగదీస్తుంటే అటునుంచి "అన్నయ్యా, కాస్త ఆపవా, లెక్క తప్పుతోంది" అని కేక వినిపించేది. లోపల ఒక బల్ల, ఒక కంప్యూటరు, రసీదులు కొట్టే చిన్న యంత్రం, గోడ మీద ఒక విదేశీ బ్యాంకు నీలం బోర్డు. ఆ బ్యాంకుకి ఊరి నడిబొడ్డున అద్దాల మేడ ఉంది. సున్నం మరకల బట్టలతో ఆ అద్దాల తలుపు తోసుకుని వెళ్ళాలంటే మా వీధివాళ్ళకి మొహమాటం. అందుకని బ్యాంకే అక్కడక్కడా ఇలాంటి కౌంటర్లు పెట్టించింది. ఇంటికి డబ్బు పంపాలనుకున్నవాళ్ళు కట్టలక్కకి నోట్లు ఇస్తే ఆవిడ కంప్యూటర్లో కొట్టి రసీదు ఇచ్చేది. సాయంత్రం బ్యాంకు మనిషి సంచితో వచ్చి ఆ రోజు నోట్లన్నీ పట్టుకుపోయేవాడు. అవి మేడలో లెక్కకెక్కితేనే ఇక్కడివాళ్ళ డబ్బు అక్కడివాళ్ళ ఖాతాల్లో పడేది.

ఇక కట్టల సంగతి. మిగతా కౌంటర్లవాళ్ళు పెద్దనోట్లు ఒకవైపు, చిన్ననోట్లు ఒకవైపు సర్దేసి హాయిగా కూర్చునేవాళ్ళు. ఈవిడ అలా కాదు. ఎవరిచ్చిన నోట్లు వాళ్ళవే, రసీదు నకలుతో కలిపి ఒక రబ్బరు బ్యాండు బిగించి సొరుగులో పెట్టేది. సాయంత్రం బ్యాంకు మనిషి కళ్ళముందే ఒక్కో కట్టా విప్పి అప్పుడు కలిపేది. రోజూ అరగంట దండగ.

"ఏం చెల్లెమ్మా, మేస్త్రి నోటు పక్కన పనిమనిషి నోటు పడుకుంటే రెండూ పోట్లాడుకుంటాయా?" అని అడిగాను ఒకసారి.

"బ్యాంకు చేతిలో పెట్టేదాకా అది వాళ్ళ డబ్బే అన్నయ్యా. కలపడానికి నేనెవర్ని?" అంది, తల ఎత్తకుండానే. మొండిఘటం. అప్పటికే నాకు అర్థమైంది.

ఆ కౌంటరు ఊరికే రాలేదు వాళ్ళకి. వాళ్ళాయన టాక్సీ నడిపేవాడు, కారు సొంతం. నడుము పట్టేసి, ఇక స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాక కారు అమ్మేశారు. ఆ వచ్చిన డబ్బంతా పూచీ కింద డిపాజిట్ చేస్తేనే బ్యాంకు కౌంటరు ఇచ్చింది. ఏ రోజు వసూలు ఆ రోజు అప్పగించకపోతే కౌంటరూ పోతుంది, డిపాజిట్టూ పోతుందని ఒప్పందం. ఆయన కొట్టు ముందు కుర్చీలో నడుముకి దిండు పెట్టుకుని కూర్చునేవాడు. దారిన పోయే కార్ల చప్పుడు విని దేనికే రోగం ఉందో చెప్పేవాడు. వాళ్ళావిడకి నేను అన్నయ్యని కాబట్టి ఆయనకి బావనయ్యాను. ఆ వరస చూసుకుని నన్ను ఆటపట్టించని రోజు లేదు.

వార్త భోజనాల వేళకి వచ్చింది. ఎదురుగా మందుల షాపులో టీవీ పెద్దగా పెట్టారు. సముద్రాల అవతల ఎక్కడో ఆ బ్యాంకు ప్రధాన కార్యాలయం చేతులెత్తేసింది. మన ఊళ్ళో అద్దాల మేడకి తాళాలు పడ్డాయి. తిరిగి చెప్పేదాకా ఎవరి ఖాతాలోంచీ ఎవరికీ చిల్లిగవ్వ ఇవ్వరట. వేరే బ్యాంకు ఏదో వచ్చి దీన్ని కొనుక్కుంటుందని కొందరు, ఎవరూ ముట్టుకోరని కొందరు.

నా డిపాజిట్ అందులోనే ఉంది. అది చాలదన్నట్టు ముందురోజే, మా చెల్లెలు బట్టల కొట్టు పెట్టుకుంటానంటే, అడ్వాన్సు కోసం దానికి డబ్బు పంపాను. అదీ కట్టలక్క చేతుల మీదుగానే. కొట్టు తలుపు కూడా వెయ్యకుండా పక్కకి పరిగెత్తాను.

అప్పటికే అక్కడ జనం. ఆ పొద్దున డబ్బు ఇచ్చినవాళ్ళంతా పనులు ఒదిలేసి వచ్చారు. అందరికంటే ముందు తాపీమేస్త్రి. వాళ్ళమ్మకి ఆపరేషన్, ఆస్పత్రిలో డబ్బు కడితేగాని చెయ్యమన్నారు. చేతిలో రసీదు పట్టుకుని "అక్కా, పంపినట్టు ఇందులో ఉందిగా, చేరిందా?" అని అడిగిందే అడుగుతున్నాడు.

"చేరలేదు. సంచీ ఇంకా వెళ్ళలేదు. సొరుగులోనే ఉంది" అంది కట్టలక్క.

సరిగ్గా అప్పుడు బ్యాంకు మనిషి దిగాడు. సాయంత్రం రావలసినవాడు. చెమటలు కక్కుతున్నాడు. కౌంటర్లన్నిట్లోనూ ఉన్నది ఉన్నట్టు వెంటనే పట్టుకురమ్మని పైనుంచి ఫోనట. సగం కౌంటర్లు తిరిగి వచ్చాడు, సంచి అప్పటికే బరువుగా ఉంది.

"అక్కా, త్వరగా కట్టలు విప్పండి."

ఆవిడ సొరుగు తాళం వేసి, తాళంచెవి చేతిలో పెట్టుకుంది. "తమ్ముడూ, ఒక్క మాట చెప్పు. ఇది నువ్వు పట్టుకెళితే మేస్త్రి వాళ్ళమ్మకి చేరుతుందా?"

"నేను డబ్బు మోసేవాణ్ణి అక్కా. చేరుతుందో లేదో నాకేం తెలుసు?"

"తెలిసినవాళ్ళని అడుగు. ఇక్కడినుంచే అడుగు."

అతను ఫోను చేశాడు. అందరికీ వినబడేలా పెట్టమంది ఆవిడ. పైఅధికారి గొంతు కాసేపు నీళ్ళు నమిలింది. పంపకాలన్నీ ఆపేశామన్నాడు, ఎప్పుడు మొదలవుతాయో చెప్పలేమన్నాడు, ముందు వసూలు చేసుకుని రమ్మన్నాడు. మేస్త్రి మధ్యలో "అయ్యా, మా అమ్మ" అనబోతే ఫోను కట్ చేశాడు.

కట్టలక్క లేచి నిలబడింది. "ఇవ్వడానికి తలుపులేసుకున్న బ్యాంకు తీసుకోవడానికి మాత్రం మనిషిని పంపిందా? నేనివ్వను."

నిజం చెప్పాలంటే నాకు ఒళ్ళు మండింది. కౌంటర్లవాళ్ళంతా ఇలా మొండికేస్తే, కొనడానికి వచ్చే బ్యాంకు వెనక్కి తగ్గితే, నా డిపాజిట్ గతేంటి? ఆవిణ్ణి పక్కకి పిలిచాను. "చెల్లెమ్మా, రూలు ప్రకారం ఇచ్చేసి చేతులు దులుపుకో. రేపు బ్యాంకు నిలబడిందంటే నీ డిపాజిట్ నీకొస్తుంది. ఇవ్వకపోతే కారు డబ్బు మొత్తం పోయినట్టే. ఆయన నడుము వైద్యానికి ఏం చేస్తావ్?"

"తెలుసన్నయ్యా."

"తెలిసీ కొరివితో తల గోక్కుంటావా?"

ఆవిడ గుమ్మంలో కుర్చీలో ఉన్న ఆయన వైపు చూసింది. ఆయన "కానివ్వు" అన్నాడు. అంతే.

ఆవిడ సొరుగు తెరిచింది. ఒక్కొక్కరినీ పిలిచి, రసీదు వెనక్కి తీసుకుని, ఎవరి కట్ట వాళ్ళ చేతిలో పెట్టింది. రబ్బరు బ్యాండు కూడా తియ్యలేదు. అవే నోట్లు, పొద్దున ఎలా ఇచ్చారో అలాగే. గొడవ లేదు, తోపులాట లేదు, నాది తక్కువైందన్నవాడు లేడు. ఇన్నేళ్ళూ నేను నవ్విన ఆ అరగంట దండగ ఆ రోజు అంతమందినీ ఒడ్డున పడేసింది. మేస్త్రి కట్టని చొక్కా లోపలికి తోసుకుని, కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయి, రైలందుకోవాలని స్టేషన్ వైపు పరిగెత్తాడు. ఇక తనే పట్టుకెళతానన్నాడు.

బ్యాంకు మనిషి గోడకి చేరగిలబడిపోయాడు. "నన్నేం చెప్పమంటారక్కా?"

"ఉన్నది చెప్పు. కట్టలక్క ఇవ్వనంది, ఆవిడ సంతకం ఇదిగో అని చెప్పు. నీ మీదకి రానివ్వను." కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చింది.

అందరూ వెళ్ళాక నేను చెయ్యి చాపాను. "మరి నాది?"

"నీది నిన్నటిది అన్నయ్యా. నిన్ననే సంచిలో వెళ్ళిపోయింది." ఖాళీ సొరుగు నా వైపు లాగి చూపించింది. "నా దగ్గరుంటే నీకివ్వకుండా ఉంటానా?"

"ఊళ్ళో అందరికీ ఇచ్చి, గోడ పక్కవాడికి మొండిచెయ్యి చూపించావు" అని నోటికొచ్చినట్టు మాట్లాడి వచ్చేశాను. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు, డబ్బు పోయినందుకే సుమా.

ఆ వారంలోనే నీలం బోర్డు పీకేశారు, కంప్యూటరు పట్టుకుపోయారు. ఆవిడ ఎదురు మందుల షాపులో గల్లాపెట్టె దగ్గర జీతానికి చేరింది. ఆయన కుర్చీ నా కొట్టు ముందుకి మారింది. నేను పిలవలేదు. "బావా, నీ మీద కోపం వచ్చినప్పుడల్లా తిడితే నీకు వినిపించేంత దూరంలో ఉండాలి కదా" అని తనే వచ్చి కూర్చున్నాడు.

కొన్ని నెలలకి వేరే బ్యాంకు వచ్చి దాన్ని కొనేసింది. ఆగిపోయిన డబ్బంతా మెల్లగా కదిలింది. నేను పంపింది మా చెల్లెలికి అందింది, పైసా తగ్గకుండా. అప్పటికి అది అడ్వాన్సు ఇవ్వాలనుకున్న కొట్టులో ఎవరో చెప్పుల షాపు పెట్టేసుకున్నారు. చెల్లెలు ఫోన్లో ఏడుస్తుంటే నాకేం చెప్పాలో తోచలేదు. వీధిలో తెలివైనవాళ్ళకి మాత్రం భలే తోచింది. "చూశారా, కాస్త ఓపిక పడితే అందరి డబ్బూ అందేది. ఆవిడ డిపాజిట్టూ ఆవిడకుండేది. అనవసరంగా ఆవేశపడింది" అన్నారు. ఆ మాట మందుల షాపులో ఆవిడ మొహం మీదే అన్నాడొకడు.

"ఓపిక పట్టగలిగినవాళ్ళెవరో, పట్టలేనివాళ్ళెవరో ఆ రోజు నాకెలా తెలుస్తుందండీ? మేస్త్రి వాళ్ళమ్మ లేచి తిరుగుతోంది. ఆవిణ్ణి ఆగమని మీరు చెప్పి ఉండేవారా?" అని మందు పొట్లం, చిల్లర అతని చేతిలో పెట్టింది. నాకు లోపల చప్పట్లు కొట్టాలనిపించింది.

తర్వాత కొత్త బ్యాంకునుంచి ఆవిడకి పిలుపొచ్చింది. నాకూ నా డిపాజిట్ కాగితాల పనుంది కాబట్టి ముగ్గురం కలిసే అద్దాల మేడకి వెళ్ళాం. ఆయన్ని మెట్లెక్కించడానికి నేను రెక్క పట్టుకోవలసి వచ్చింది. నడుము బాగా ముదిరింది. ఆపరేషన్ చేయించమంటున్నారు, డబ్బు లేక వాయిదా వేస్తున్నారు.

లోపల అధికారిణి చిన్నపిల్ల, మర్యాదగానే మాట్లాడింది. ఒప్పందం తప్పారు కాబట్టి లెక్క ప్రకారం డిపాజిట్ మొత్తం పోయినట్టేనట. అయినా బ్యాంకు దయతలిచి సగం తిరిగి ఇస్తుందట. చెయ్యాల్సిందల్లా ఒక ఉత్తరం మీద సంతకం. ఉత్తరం ముందుకి జరిపింది. బ్యాంకుకి చెందిన సొమ్మును అప్పగించకుండా నా వద్ద ఉంచుకున్నాను, నా తప్పును మన్నించగలరు, అని ఉంది.

కట్టలక్క రెండుసార్లు చదివింది. "నేను ఉంచుకోలేదమ్మా. ఎవరిది వాళ్ళకి ఇచ్చేశాను. అలా రాయండి, ఇప్పుడే సంతకం పెడతాను."

"మాటలు మార్చే అధికారం నాకు లేదండీ. ఇది మామూలు కాగితమే, ఎవరూ చదవరు కూడా."

ఆవిడ పెన్ను పట్టుకుంది. అంతమంది ముందు బ్యాంకు మనిషిని నిలదీసిన మనిషి, ఆ పెన్ను పట్టుకుని ఎటూ తేల్చుకోలేక కూర్చుండిపోయింది. పక్కన ఆయన కుర్చీలో ఒదగలేక ఒక పక్కకి ఒరిగి, నొప్పి పంటి బిగువున పట్టుకుని ఉన్నాడు. ఆవిడకి కనిపిస్తున్నది ఆ నొప్పే.

"కారు మీది. మీరు చెప్పండి. పెట్టమంటే పెట్టేస్తాను" అంది.

ఆయన ఉత్తరం తీసుకుని, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, నిదానంగా చదివాడు. నేను పక్కనుంచి "సగం అంటే తక్కువేం కాదు, ఆపరేషన్ అయిపోతుంది" అని గొణిగాను. ఆయన వినిపించుకోలేదు. ఉత్తరం అధికారిణి వైపు జరిపాడు.

"అమ్మాయ్, ఇందులో మా ఆవిడ పరాయి సొమ్ము దాచుకుందని ఉంది. నా కారు మంచిదేగానీ, అంత ఖరీదు చెయ్యదు." అని బల్ల పట్టుకుని లేచాడు.

ఆవిడ పెన్ను కింద పెట్టి ఆయన చెయ్యి అందుకుంది. బస్సులో సీటు దొరికాక, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఆవిడ చెయ్యి వదలకుండా కూర్చున్నాడు. ముగ్గురి టిక్కెట్లూ నేనే తీసుకున్నాను.