ఇమ్మానుయేలు మాస్టారి ఈల

ఇమ్మానుయేలు మాస్టారు ప్రభువునందు నిద్రించారన్న వార్త నాకు చేరిన క్షణంలో, ఒక అమెరికా డాక్టరు నా చెవుల్లో ఎవరిదో గుండె భేషుగ్గా ఉందని మెచ్చుకుంటున్నాడు. నా ఉద్యోగమే అది. అక్కడి డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటల్ని ఇక్కడ సికింద్రాబాదులో కూర్చుని, టేపు ఆపడానికీ నడపడానికీ కాలికింద పెడలు తొక్కుతూ టైపు చేయడం. సెల్‌ఫోనులో సందేశం చూశాను. ఇక్కడ ‘దిగ్భ్రాంతి చెందాను’ అని రాయాలి. సంస్మరణ వ్యాసాల్లో అందరూ చెందుతారు. నేను మాత్రం ముందుగా నా టేబులు సొరుగు వంక చూశాను. అందులో మాస్టారి క్యాసెట్టు ఉంది. ఐదు నెలలుగా నా దగ్గరే ఉంది. తిరిగిమ్మని ఆయన రెండుసార్లు ఫోను చేశారు. రెండుసార్లూ “వచ్చే ఆదివారం పక్కా సార్” అన్నాను.

ఆయన్ని ఎరగనివారి కోసం నాలుగు మాటలు. ఆజానుబాహువు, స్ఫురద్రూపి అని రాయాలని నాకూ ఉంది. కానీ ఆయన పొట్టి, బక్క. గూఢచారిలా కనబడాలని నల్లకళ్ళజోడు పెట్టుకుంటే, కంటి ఆపరేషను చేయించుకుని బస్సు కోసం నిలబడ్డ మనిషిలా కనబడేవారు. మిషన్ స్కూల్లో ముప్పై ఏళ్ళు భూగోళం బోధించారు. నేనూ ఆ బోధనా బాధితుల్లో ఒకణ్ణి. ఆయనకు లోకంలో రెండే విశ్వాసాలు. ఒకటి, ఉదయం పూట చర్చి. రెండోది, ఒక ఇంగ్లీషు గూఢచారి సినిమాల వరస. పదేళ్ళకోసారి ముఖం మారుతుంది, కోటు మాత్రం నలగదు, అటువంటి మహానుభావుడి చరిత్ర అది.

“భూగోళం రానివాడు గూఢచారి కాలేడు. గూఢచారి సినిమా చూడనివాడికి భూగోళం రాదు” అనేవారు మాస్టారు. ప్రపంచపటం మీద ఆ గూఢచారి విమానాలెక్కిన దారులన్నీ ఎర్ర చాక్‌పీసుతో గీసేవారు. టర్కీ దేశపు ఎగుమతులేవి అన్న ప్రశ్నకు మా తరగతిలో ముగ్గురు ‘రహస్య పత్రాలు’ అని రాశారు. ఆయన ముగ్గురికీ అర మార్కు వేశారు. విద్యారంగానికి ఆయన చేసిన సేవ ఇంతటితో సమాప్తం.

రిటైరయ్యాక సేవ ఇంకా విస్తరించింది. నెలలో రెండో ఆదివారం, సాయంత్రం నాలుగింటికి, బోయిగూడలో ఆయన ఇంటి వరండాలో ఆ సినిమాల మీద సభ. నగరమంతా జావా నేర్చుకుంటూ, వీసాల గురించి కలలు కంటున్న ఆ రోజుల్లో, పదకొండుమంది వయోజనులు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని, ఏ హీరో కాలరు ఏ సినిమాలో ఎంత వెడల్పో కొట్టుకు చచ్చేవారు. వారిలో ఇద్దరిని మీరు తెలుసుకోవాలి. ఒకరు బోయిన్‌పల్లి మార్కెట్లో ఉల్లిగడ్డల వ్యాపారి యాదగిరి. పాత హీరోకీ బాకాల సంగీతానికీ భక్తుడు. రెండోవారు విజయనగరం నుంచి వచ్చి, సాఫ్ట్‌వేరులో కుదురుకుని, యాప్రాల్‌లో ఫ్లాటు కొన్న సత్యం గారు. కొత్త హీరోకీ కంప్యూటరు సంగీతానికీ వకీలు.

“పాత హీరో నడుస్తుంటే పులి నడిచినట్టుంటది. మీ కొత్తోడు ఏందీ, ఇంటర్వ్యూకు పోతున్నట్టు నడుస్తడు!” అనేవాడు యాదగిరి.

“ఏటండీ పులి? మీ ముసలాయన పరిగెడితే వెనకాల తెర పరిగెట్టేది గానీ, ఆయనెప్పుడు పరిగెట్టాడండీ?” అనేవారు సత్యం గారు.

“గీ కంప్యూటర్ సంగీతం నాకు చెప్పకు సార్. బాకాల్లేకుంటే అది సంగీతం గాదు, మిక్సీ.”

“మీ బాకాలు మా ఊళ్ళో పెళ్ళికి వాయించినవేనండీ. తేడా ఏటంటే, అక్కడ చివర్న భోజనం పెట్టేవోరు.”

ఇంత జరిగినా, బోయిగూడలో తన గురించి ఇంత రభస జరుగుతోందని ఆ గూఢచారికి ఈనాటికీ తెలియదు. గూఢచారిగా అంతకు మించిన వైఫల్యం లేదు. నేను ఎందుకు వెళ్ళేవాణ్ణంటారా? టీ కోసం. మాస్టారి భార్య సుగుణ టీచరు కాచే అల్లం టీ ఆ సభలో జరిగే ఏకైక ప్రయోజనకరమైన పని. అదే స్కూల్లో ఆవిడ లెక్కలు చెప్పేవారు, చర్చిలో ఆదివారం బడి కూడా నడిపేవారు. క్లాసులో ఈల వేసినందుకు నన్ను రెండు పీరియడ్లు బెంచీ ఎక్కించిన మనిషి. “ఈలలేసుకోవడానికి ఇది సినిమా హాలనుకున్నావా?” అన్న ఆ గొంతుకి ఇప్పటికీ నా మోకాళ్ళు స్పందిస్తాయి. సభలో ఎన్ని తలలు పగిలినా ఆవిడ వంటింటి గుమ్మం దాటి ఒక్క మాట అనేవారు కారు.

వాదం ముదిరినప్పుడు మాస్టారు చెయ్యెత్తి తన బ్రహ్మాస్త్రం తీసేవారు. అదే ఆ క్యాసెట్టు. పాత సినిమాల్లో ఒకదాని సంగీతం. గూఢచారి మంచుకొండ మీదికి ఎక్కి నిలబడతాడు, బాకాలన్నీ ఒక్కసారి లేచి ఆగిపోతాయి, ఆ నిశ్శబ్దంలో ఒక ఈల. రెండు వేళ్ళు పెట్టి వేసిన, నిఖార్సయిన ఈల. “వినండి! ఇదీ సంగీత దర్శకుడి ప్రతిభ” అనేవారు, కళ్ళు మూసుకుని. “యాభై వాయిద్యాల తర్వాత ఒక్క మనిషి ఊపిరి. ఈ ఈల వేసిన మనిషి లోకంలో ఎవరికీ జంకని మనిషి. ఇలాంటిది జీవితంలో ఒక్కసారి దొరుకుతుంది.” ఈ ఈల మీద ఆయన నాలుగు పేజీల వ్యాసం రాశారు. ఏ పత్రికా వేసుకోలేదు. పత్రికలకు అప్పుడప్పుడూ వివేకం కలుగుతుంది.

ఐదు నెలల క్రితం సత్యం గారు కంపెనీ పని మీద అమెరికా వెళ్ళి, అదే సంగీతపు అసలు సీడీ తెచ్చారు. వరండాలో వేశారు. బాకాలు లేచాయి, ఆగాయి. నిశ్శబ్దం. మళ్ళీ బాకాలు. ఈల లేదు.

“ఏటి మాస్టారూ, ఈల ఏదండీ?”

“సీడీలో కత్తిరించారు” అన్నారు మాస్టారు. “మన దేశానికి వచ్చిన ప్రింటులో ఉండేది.”

నాకు అంతకంటే మంచి అవకాశం ఎప్పుడొస్తుంది? క్యాసెట్టు ఆఫీసుకు పట్టుకెళ్ళి, నా హెడ్‌ఫోన్లలో పదిసార్లు విన్నాను. తర్వాతి సభలో ఒక కాగితం తీసి, డాక్టరు నివేదిక చదివినట్టు అందరి ముందూ చదివాను: “రోగి పేరు, టేపు. పరీక్షలో తేలినవి: సీలింగు ఫ్యాను శబ్దం. సమోసాలమ్మేవాడి కేక. ఎవరిదో దగ్గు. ఈల, మైకుకు అతి సమీపంలో. వెంటనే ఒక మగ గొంతు, మాట అస్పష్టం, ఖాళీ వదిలాను. రోగ నిర్ధారణ: ఇది హాల్లో దొంగతనంగా రికార్డు చేసిన టేపు. ఈల సంగీత దర్శకుడిది కాదు, ముందు బెంచీ ఆసామీది.”

యాదగిరి కుర్చీలోంచి జారిపోయేంత నవ్వాడు. సత్యం గారు కళ్ళు తుడుచుకున్నారు. పదకొండుమందీ మొదటిసారి ఒక విషయం మీద ఏకీభవించారు. మాస్టారు మాత్రం వంటింటి గుమ్మం వంక ఒకసారి చూసి, “నీ చెవులు మంచివిరా సునీల్” అన్నారు. “ఆ ఖాళీని ఖాళీగానే ఉంచు.”

సిగ్గుపడ్డారనుకున్నాను. చిన్న విజయం కాదు గదా, భుజాలు చరుచుకుంటూ ఇంటికెళ్ళాను. క్యాసెట్టు నా సంచిలోనే ఉండిపోయి, అక్కణ్ణుంచి ఆఫీసు సొరుగులోకి చేరింది. ఆ తర్వాత సభలు జరగలేదు. మాస్టారికి ఒంట్లో బాగాలేదన్నారు. నేను చూడటానికి వెళ్ళలేదు. వెళ్తే క్యాసెట్టు ఇవ్వాలి, ఇస్తే ఆయన ముఖం చూడాలి.

కాబట్టి జ్ఞాపకార్థ కూడిక నాడు నేను ఆ క్యాసెట్టు జేబులో పెట్టుకుని, దొంగ సొత్తు అప్పగించేవాడిలా బోయిగూడ వెళ్ళాను. పాస్టరు గారు ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. టీచరు ఒక కాగితం తెచ్చిచ్చారు. మాస్టారి బైబిల్లో దొరికిందట. ‘కూడిక ముగిశాక నా టేపు వెయ్యండి. సీడీ వద్దు.’

వెంటనే వాదన షురూ. చావు కూడా వీళ్ళను ఆపలేదు.

“టేపు ఏస్తే బాగోదండీ” అన్నారు సత్యం గారు. “చర్చివోరు ఇంకా ఉన్నారు. సమోసాలోడి కేక వచ్చిందంటే మాస్టారి మీద నవ్వుతారు. సీడీ ఏద్దాం, గౌరవంగా ఉంటాది.”

“ఏం గౌరవం సార్? సార్ చేత్తో రాసిండు గదా, టేపే అని! గిట్ల మాట తప్పుతరా?” అన్నాడు యాదగిరి. “జెర నువ్వు చెప్పు తమ్మీ. నవ్విచ్చినోడివి నువ్వే గదా.”

అందరూ నా వంక చూశారు. క్యాసెట్టు తీసి టీచరు చేతిలో పెట్టాను. “నావల్లే టీచర్. సార్‌ని అందరి ముందూ నవ్వులపాలు చేశాను. మీరు వద్దంటే వెయ్యను.”

ఆవిడ క్యాసెట్టును అటూ ఇటూ తిప్పి చూశారు.

“ఆ ఈల నాదిరా” అన్నారు.

సత్యం గారు చేతిలోని సీడీని పక్కన పెట్టేశారు.

“పెళ్ళయిన కొత్త. మా అన్నయ్య ఓడలో పనిచేసేవాడు, టేప్‌రికార్డరు తెచ్చిచ్చాడు. ఈయన దాన్ని తువ్వాల్లో చుట్టి హాల్లోకి తెచ్చారు. తెర మీద ఆ గూఢచారి కొండెక్కి నిలబడ్డాడు, నాకేమైందో తెలీదు, వేళ్ళు పెట్టి వేసేశా. ఆదివారం బడి టీచర్ని, ఈల వేసిందంటే చర్చిలో ఉంచుతారా? అందుకని ఎవరడిగినా సంగీత దర్శకుడిదని చెప్పారు. అదే పట్టుకున్నారు.” క్యాసెట్టు మీది దుమ్ము కొంగుతో తుడిచారు. “ముప్పై ఏళ్ళు ఎవరో తెల్లాయన పేరు చెప్పి నన్ను పొగుడుతుంటే, టీ కాస్తూ విన్నాను.”

నేను మెల్లగా అడిగాను. “ఈల తర్వాత సారేదో అన్నారు టీచర్. నాకు అందలేదు.”

“‘ఇంకొక్కసారి’ అన్నారు.”

“వేశారా?”

“మా ముందు వరసలో చర్చి సంఘపెద్ద ఒకాయన వెనక్కి తిరిగి చూశాడు. ఎక్కడ వేస్తాను?”

యాదగిరి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “టీచరమ్మా, ఇప్పుడు సుత ఒక్కపారి...”

“పళ్ళు కట్టుడువి నాయనా. గాలి పోతుంది.”

వ్యాసం ఇక్కడికొచ్చాక ‘తీరని లోటు’ అనడం మర్యాద. ఆ మాటను నేను చాలామంది మీద వాడి నవ్వుకున్నాను. మాస్టారు సంగీతజ్ఞుడు కారు. ఆయన సిద్ధాంతం తప్పని నేను రుజువు చేశాను, ఆ రుజువుకు ఢోకా లేదు. కానీ ఒక మనిషిని పేరెత్తకుండా ముప్పై ఏళ్ళు, రిటైరయ్యాక నెలనెలా పదకొండుమంది మూర్ఖుల ముందు కూడా అంతగా పొగిడిన భర్త బోయిగూడలో ఇంకొకరు లేరు. నా ఎరుకలో మరెక్కడా లేరు. పదకొండో మూర్ఖుణ్ణి నేను. మాస్టారికి ఇదే నా నమస్కారం. ఆయన బతికుండగా పెట్టాల్సింది.

టేపు వేశాం. ఫ్యాను తిరిగింది, సమోసాలవాడు కేకేశాడు. ఎవరూ నవ్వలేదు. బాకాలు లేచి ఆగాయి, ఈల పడింది, దాని వెనకే ఆ గొంతు. మాట తెలిశాక స్పష్టంగానే ఉంది. ఆ సాయంత్రం ఏ హీరో గొప్పో ఎవరూ తేల్చలేదు. టేపు ఆగాక టీచరు ఎవరి వంకా చూడకుండా, “ఇంకొక్కసారి” అన్నారు.

రివైండు బటను పనిచెయ్యదు. క్యాసెట్టు బయటికి తీసి, చక్రంలో పెన్సిలు దూర్చి తిప్పడం మొదలుపెట్టాను. చాలాసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.