ఎర్ర తీగ ప్లస్సే అనుకున్నాను

ఈ బరువు మోస్తూనే ముసలివాణ్ణయ్యాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. చెబుదామని ఎన్నోసార్లు ఎదురుగా కూర్చుని, కాఫీ తాగి లేచిపోయాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ దగ్గర నోరు పెగులుతోందేమో.

డెబ్బయిల్లో మాట. బెజవాడలో లారీల కింద బరువు మోసే కమాను పట్టీలు చేసే ఒక కార్ఖానాలో మీటర్లు, యంత్రాలు చూసుకునే పని నాది. ఇంకా పర్మనెంటు కాలేదు. ఉక్కు పట్టీని ఫర్నేసులో ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుంది. వేడి మరీ ఎక్కువైతే పెళుసెక్కి విరుగుతుంది. ఆ ఫర్నేసు చూసుకునే పెద్దాయన ఏసుదాసు గారు. పటమట నుంచి సైకిలు మీద వచ్చేవారు.

ఆ రోజుల్లోనే అమెరికా యంత్రం ఒకటి తెప్పించారు. ఫర్నేసులో పెట్టిన థర్మోకపుల్ కడ్డీ వేడిని పసిగడుతుంది. అక్కణ్ణుంచి రెండు తీగలు ఏసీ గదిలోని యంత్రానికి వెళతాయి. యంత్రం ఆ వేడిని అంకెల్లో కాగితం మీద అచ్చు కొడుతుంది. తీగలు కలిపింది నేనే. ఒకటి పసుపు, ఒకటి ఎరుపు. మనకు ఎరుపంటే ప్లస్సే కదా, బ్యాటరీ పట్టుకున్న ప్రతివాడికీ తెలిసిన సంగతే. ఆ అమెరికా తీగల్లో మాత్రం ఎరుపు మైనస్. తీగచుట్టకు కట్టిన అట్ట మీద ఆ ముక్క ఉంది. నేను చదవలేదు. నాకొకరు చెప్పేదేమిటి?

కడ్డీ మొన దగ్గర బ్లోలాంపు మంట పెట్టి చూస్తే, అంకె పెరగాల్సింది పోయి తగ్గింది. అక్కడ ఆగి ఆలోచించాల్సింది. యంత్రం దగ్గర ఎరుపు ప్లస్‌కే ఉంది, ఇక నా తప్పేముందనుకుని, ఫర్నేసు వైపు తీగలు అటుదిటు మార్చేశాను. అంకె పెరిగింది. మేనేజరు గారు భుజం తట్టారు. రెండు చివర్లా తలకిందులైన తీగలు ఫర్నేసు చల్లగా ఉన్నంతసేపూ నిజమే చెబుతాయి. ఫర్నేసు రాజుకుని, దాని పక్కన కడ్డీకి తీగలు కలిపిన పెట్టె వేడెక్కి, ఏసీ గది చల్లగా ఉంటే మాత్రం అంకె బాగా తక్కువ పడుతుంది.

ఏసుదాసు గారు ఆ అంకెనే నమ్మారు. చెప్పిన అంకె పడేదాకా మంటకు ఆయిలు పెంచారు. పట్టీలు మాడాయి. మంగళగిరి రోడ్డు మీద లోడు లారీలు కూలబడ్డాయి. ఓనర్లు విరిగిన ముక్కలు తెచ్చి ఆఫీసు ముందు విసిరికొట్టారు. కాగితం చూస్తే వేడి సరిగ్గానే ఉంది. కాబట్టి తప్పు మనిషిదేనన్నారు. పట్టీలను టైముకు తీయకుండా లోపలే వదిలేశాడన్నారు. ఆయన్ని సస్పెండు చేసి ఎంక్వయిరీ పెట్టారు.

ఆయన బదులు వచ్చిన మనిషి ఫర్నేసు వెలిగించిన మొదటి రోజే, ఇంకా పట్టీలు పెట్టకముందే, ఏసీ మొరాయించింది. గది ఉడికిపోతోంది. యంత్రంలో అంకె కూడా పెరిగిపోతోంది. అక్కడ ఆయిలు ఎవరూ ముట్టుకోలేదు. నేను కూర్చున్న గదికి చెమట పడితే ఫర్నేసు అంకె ఎందుకు పెరగాలి? అప్పుడు వెతికి ఆ అట్ట తీసి చదివాను. మేనేజరు గారి గది పక్కనే. తలుపు తీసే ఉంది. వెళ్లలేదు.

ఆ సాయంత్రం గేటు బయట ఏసుదాసు గారు నా కోసం నిలబడి ఉన్నారు.

"బాబూ, ఒక్క మాటండీ. ఆ మిషను తప్పు చూపిచ్చే వీలేమన్నా ఉంటదా అండీ?"

"లేదండీ. నేనే చెక్ చేశాను."

"టైముకే తీసినట్టు గురుతండీ నాకు."

నేను రోడ్డు వైపు అడుగేశాను, ఆయనే మళ్లీ అన్నారు.

"మీరు చూశానన్నాక ఇంకేముందిలెండి. నేనే ఏమరుపాటున ఉండుంటాను. వయసైపోతే మనకే తెలీదు గదండీ."

ఆయన నన్ను తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణి. నా మాట నమ్మి, తన చేతిని తాను అనుమానించుకుంటూ వెళ్లిపోయారు. ఒక్క మాట చాలేది. ఎందుకు అనలేదు? ఉద్యోగం పోతుందనే భయం అని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అంతేనా? తెలివైన కుర్రాడన్న పేరు పోతుందని కూడా. అదే ఎక్కువేమో.

మర్నాడు అందరికంటే ముందు వెళ్లి తీగలు సరిచేశాను. పాపం కొంత కడుక్కున్నాననుకున్నాను. ఆ రోజు నుంచి ఒక్క పట్టీ విరగలేదు. మనిషిని మార్చగానే పని బాగుపడిందని ఎంక్వయిరీలో అదే సాక్ష్యంగా చూపించారు. నేను గుట్టుగా దిద్దిన తప్పే ఆయన మెడకు చుట్టుకుంది. ఆయన ఎదురు చెప్పలేదు. ఆయన ఉద్యోగం పోయింది, నాది పర్మనెంటయింది.

చాలా ఏళ్ల తర్వాత పటమటలో చర్చి ముందు కనిపించారు. నేను తప్పుకునేలోపే చెయ్యి పట్టుకుని తన అల్లుడికి పరిచయం చేశారు. తన అజాగ్రత్త వల్ల ఈ సారు పెట్టిన కొత్త మిషనుకు చెడ్డపేరు వచ్చేదని చెప్పి, తనను క్షమించమని నన్ను అడిగారు. నన్ను! పరవాలేదండీ అన్నాను. అవును, ఆ మాట అన్నాను.

ఆయన ఇప్పుడు లేరు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. ఇది రాశాక గుండెలో కాస్త గాలి ఆడుతోంది, అంతే. ఏసుదాసు గారు ప్రతి పట్టీనీ టైముకే తీశారు. వాటిని మాడ్చింది నేను.