మూడు కిలోమీటర్ల అవతల ఉండాల్సిన పొగగొట్టం కోసం

యాత్రలు మనశ్శాంతి కోసం చేస్తారని విన్నాను. నేను చేసింది ఉద్యోగం నిలబెట్టుకోవడానికి. డెల్టాలోని ఒక చిన్న విమానాశ్రయంలో కంట్రోల్ టవర్ సహాయకురాలిని; పేరు అడగకండి, జీతం వచ్చేది అక్కడి నుంచే. ఫోన్లు ఎత్తడం, విమానాల రాకపోకలు లాగ్ పుస్తకంలో రాయడం నా పని. గత నెల నుంచి వాతావరణం చెప్పే పని కూడా మా నెత్తిన పెట్టారు. అరగంటకోసారి గాలి, మబ్బు, ఎంత దూరం కనిపిస్తోందో రాయాలి. గాలికి యంత్రం ఉంది. దూరానికి నా రెండు కళ్లే. సాయంగా ఓ జాబితా ఇచ్చారు: నీళ్ల ట్యాంకు కనిపిస్తే రెండు కిలోమీటర్లు, రైస్ మిల్లు నల్ల పొగగొట్టం కనిపిస్తే మూడు.

నాకా గొట్టం కనిపించదు. పది రోజులుగా పొద్దున్నే పొగమంచులో నేను రెండువేల మీటర్లని రాయడం, మా సీనియర్ సుబ్బరాజు గారు మూడువేలని దిద్దడం. "ఏంటమ్మా, అంత గొట్టం కనపడట్లేదా? కళ్లు చూపించుకో." చూపించుకున్నాను, బాగానే ఉన్నాయట. సోమవారం పరీక్షాధికారి వస్తున్నారు. ఆయన ముందు దూరం తప్పు చెబితే నా కాంట్రాక్టు పొడిగించరు. అందుకే ఆదివారం ఆ గొట్టాన్ని ముఖాముఖి కలవడానికి బయల్దేరాను.

నేనుండేది రాజమండ్రిలో; అక్కడి బస్ కాంప్లెక్స్‌లో ఆరుంపావుకి మండపేట బస్సెక్కాను. కిటికీలోంచి దారి పొడుగునా నాకు నేనే పరీక్ష పెట్టుకున్నాను: ఆ కొబ్బరిచెట్టు ఎంత దూరం? ఆ లారీ? పక్క సీటావిడ నా పెదాల కదలిక చూసి కొంచెం జరిగి కూర్చుంది. ఏడూ పదికి ద్వారపూడిలో దిగాను. మిల్లు వైపు షేర్ ఆటో ఇరవై రూపాయలు, కానీ ఆరుగురు నిండేదాకా కదలదు.

"మిల్లులో పనేంటండి, నూకలకా?" అన్నాడు డ్రైవరు.

"పొగగొట్టం చూడ్డానికండి."

అద్దంలోంచి నన్నోసారి చూసి, "జాగ్రత్తగా దింపుతాలెండి," అన్నాడు జాలిగా.

కాలవగట్టు వెంట పావుగంట. ఆటో ఆగాక కూడా గొట్టం కనిపించలేదు. తలెత్తితే నెత్తి మీదే ఉంది. అడుగు నుంచి అంచు దాకా తెల్లరంగు. వెనక మంచు కూడా అదే రంగు. ఎండెక్కాక టవర్‌లోంచి ఆ వైపు కనిపించే తెల్లటి గీతని ఇన్నాళ్లూ సెల్ టవర్ అనుకున్నాను!

మిల్లు యజమాని వెంకటరత్నం గారు మెట్ల మీద కాఫీ తాగుతున్నారు. "ఈ రంగు ఎప్పుడు వేయించారండి?" అన్నాను.

"దీపావళికమ్మా. మసిపట్టి ఉండేది, మా ఆవిడ చూడలేకపోయింది. ఎలా ఉంది?"

"అసలు కనపడట్లేదండి."

విషయమంతా విని ఆయన కప్పు కింద పెట్టారు. "అంటే మా గొట్టం చూసి విమానాలు దింపుతున్నారా? ఆ ముక్క ముందే చెబితే లైట్లు కట్టించేవాణ్ణి కదమ్మా!" మళ్లీ నల్లరంగు వేయించమన్నాను. "ఆవిణ్ణి నువ్వే అడుగు," అన్నారు. అడగలేదు. నా ధైర్యం అంతవరకే.

తిరుగు బస్సులో భయం ఇంకా పెరిగింది. నా కళ్లు సరైనవైతే సుబ్బరాజు గారివి కావన్నమాట. అది రేపు ఆయన ముందే చెప్పాలి.

సోమవారం ఆరున్నరకి అదే మంచు. "ఎంత?" అన్నారు అధికారి.

"రెండువేల వరకే చెప్పగలనండి," అన్నాను. "గొట్టానికి తెల్లరంగు వేశారు. నిన్న వెళ్లి చూశాను. మంచులో అది కలిసిపోతోంది."

సుబ్బరాజు గారు బైనాక్యులర్ తీసుకుని చాలాసేపు చూశారు. తిడతారని కాచుకున్నాను. "నిజమేనండి," అన్నారు మెల్లగా. "ట్యాంకు కనపడితే చాలు, గొట్టం కూడా ఉంటుందిలే అని రాసేస్తున్నాను." అధికారి జాబితాలో గొట్టాన్ని కొట్టేసి, పెన్ను నాకిచ్చారు. "కొత్త గుర్తు వెతికి నువ్వే రాయి."

పాసయ్యాను, ఇక ఎవరూ దిద్దకుండా నేనే రాయొచ్చు. ఎగిరి గంతేయాలి, వేయలేదు. మొన్నటిదాకా నేను తప్పు రాస్తే దిద్దడానికి ఒకరుండేవారు. ఇప్పుడు నేను రాసిన అంకెను, నా ముఖం కూడా తెలియని ఒక పైలట్ నమ్మి కిందికి దిగుతాడు. ఒక్కో అంకె రాసే ముందు మూడుసార్లు చూస్తున్నాను. ఈ పని మీ నెత్తిన కూడా పడితే, జాబితాలోని ప్రతి గుర్తు దగ్గరికీ వెళ్లి రండి. ఎనిమిదిలోపు, మంచు ఉండగానే వెళ్లండి. తేటగా ఉన్నప్పుడు వెళ్తే అన్నీ బాగానే కనిపిస్తాయి, ఏమీ తెలియదు.