ఎవరి తాలూకని అడిగితే

మొన్నీమధ్య జనాభా లెక్కలు రాసే గుమాస్తా ఒకాయన మా అరుగు మీద కూర్చుని, ఇంట్లోవాళ్ళ పేర్లూ వయసులూ రాసుకుని, చివరికి నేను పుట్టింది ఏ తాలూకా అని అడిగాడు. అమలాపురం తాలూకా అన్నాను. ఆయన రాసుకుని, కలం తుడుచుకుని, పక్క ఇంటికి వెళ్ళిపోయాడు. ఇంత తేలికైన ప్రశ్నకు ఒక మనిషి సముద్రం పాలయ్యాడని ఆయనతో చెప్పాలనిపించింది గాని, చెప్పలేదు. నా ఈడువారు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు కనుక, వారికైనా అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

మా రోజుల్లో ఆ మాటకు కచ్చేరీలో ఒక అర్థం, ఊళ్ళో ఒక అర్థం ఉండేవి. కచ్చేరీలో తాలూకా అంటే హద్దులు గీసిన నేల. ఊళ్ళో తాలూకు అంటే మనిషికీ మనిషికీ ఉన్న ముడి. రేవులో కొత్తవాడు కనబడితే ఎవరి తాలూకు అనేవారు. ఫలానా వారి తాలూకండీ అని వాడు చెప్పుకునేవాడు. ఆ ఫలానా వారు ఎంత పెద్దవారైతే వాడికి అంత మర్యాద దక్కేది గనుక, ఎవరైనా తమకు చుట్టరికమో కొలువో ఉన్న ఇళ్ళల్లో అన్నిటికంటే పెద్ద ఇంటి పేరే చెప్పేవారు. దాన్ని అబద్ధమని ఎవరూ అనుకునేవారు కాదు.

రాజ్యం సంగతి ఎవరికీ అంతగా పట్టేది కాదు. గౌతమికి ఇవతల మేము ఇంగ్లీషు కుంఫిణీ వారి ఏలుబడిలోనూ, అవతల యానాం ఫరాసు వారి ఏలుబడిలోనూ ఉన్నామని తెలుసు గాని, పడవ ఎక్కి దిగేలోగా మనిషి మారిపోతాడని అనుకోలేదు. మా అమ్మ పుట్టిల్లు యానాం. అక్కడ మా మేనమామగారు ఫరాసు దొరలతో సమంగా కూర్చుని మాట్లాడేవారు కాబట్టి, ఆ రాజ్యమేదో తమ సొంతమన్నట్టు ఉండేవారు. మా నాన్నగారికి కుంఫిణీ అంటే ఏడాదికోసారి వచ్చే బంట్రోతు, అంతే. మా ఇంటి పాలేరు కుటుంబానికి రాజ్యమన్నా ఇల్లన్నా మేమే.

ఆ పాలేరు భార్య యానాంలో మా తాతగారింట పుట్టి, మా అమ్మ కాపురానికి వస్తూంటే వెంట వచ్చిన మనిషి. పురిట్లో మా అమ్మకు జబ్బు చేస్తే నాకు పాలిచ్చి బతికించింది ఆమే. ఆమెను పాలమ్మా అని పిలిచేవాణ్ణి. ఆమె కొడుకు నాకంటే రెండు నెలలు పెద్ద, కాట్రేనికోన దగ్గర మా ఊళ్ళోనే పుట్టాడు. నేను చదువుకుని అమలాపురం కచ్చేరీలో రాయసగాడినయ్యాను, వాడు తండ్రి తరవాత మా ఇంటి పాలేరయ్యాడు. సెలవుకి నేను ఊరు వెళ్తే, కచ్చేరీలో దొర తుమ్మితే ఏ భాషలో తుమ్ముతాడండీ అని అడిగి నన్ను నవ్వించేవాడు.

ఒక ఏడు వరదకు గట్టు తెగి నారుమళ్ళు మురిగిపోయాయి. ఆ గట్టు కావలి వాడిదని మా నాన్నగారు నలుగురిలో వాడి మీద చెయ్యి చేసుకున్నారు. వాడు ఆ పూటే పడవెక్కి యానాం వెళ్ళిపోయాడు. అక్కడ రేవులో, సముద్రం అవతల ఫరాసువారి చెరకు తోటల దీవికి కూలీలను పోగుచేసే మేస్త్రీ ఒకడు వాడికి కడుపునిండా అన్నం పెట్టి, ఒక కాగితం మీద నిశానీ పెట్టించుకున్నాడు. మూడు రోజులకు కోపం చల్లారి, ఇంటికి పోతానంటే, కూలీల పాకలోంచి కదలనివ్వలేదు. ఈ సంగతి పడవవాళ్ళు చెబితే, పాలమ్మ అమలాపురం దాకా నడిచి వచ్చి కచ్చేరీ మెట్ల మీద కూలబడింది.

అప్పట్లో ఓడ ఎక్కించే ముందు ఒక ఫరాసు దొర దుబాసీని పక్కన పెట్టుకుని కూలీలను ఒక్కొక్కరినీ విచారించేవారు. కుంఫిణీ ఏలుబడి వాడని తేలితే వదిలిపెట్టేవారు. ఈ మనిషి మా తాలూకాలో పుట్టినవాడు అని నేనే నా చేత్తో రాసి, అధికారిగారి చేత దస్కత్తు చేయించాను. పాకలో వాడికి అన్నం ఇవ్వడానికి పాలమ్మను వెళ్ళనిస్తారని తెలిసి, ఆమెతో వాడికి ఒక మాట ముందుగా చెప్పి పంపాను. ఎవరి తాలూకని అడుగుతారు, భయపడక ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాను. రెండేళ్ళు కచ్చేరీలో కూర్చున్నాక ఆ మాటకు ఇంకొక అర్థం ఉందన్నది నాకే గుర్తు లేకపోయింది.

విచారణ రోజున నన్ను చూడగానే వాడి ముఖం విప్పారింది. "చినబాబుగారు వచ్చేరు! ఇంకేటండీ నాకు!" అన్నాడు వరసలో నించునే.

"ఏరా, ఎవరి తాలూకు నువ్వు?" అన్నాడు దుబాసీ.

వాడు తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, "ఈ యానాం పెద్దింటోరి తాలూకండీ. మాయమ్మ ఆరింట్లోనే పుట్టిందండీ, ఆయ్," అన్నాడు.

దుబాసీ అది ఫరాసులో చెప్పాడు. దొర కలం కదిలింది. నేను కాగితం చాపి, తెలుగులో ఆ మాటకు రెండర్థాలున్నాయనీ, వాడు చెప్పింది వేరనీ మొత్తుకున్నాను. "రాయసంగారూ, కాగితంలో మాట తమరిది. నోట్లో మాట ఇతగాడిది. దొరగారు దేన్ని నమ్ముతారండీ?" అని నవ్వాడు దుబాసీ. అయినా దొర న్యాయంగానే, మళ్ళీ అడగమన్నారు. దుబాసీ మళ్ళీ ఆ మాటే అడిగాడు. మొదట తను చెప్పింది వినబడలేదనుకున్నాడు కాబోలు, వాడు ఈసారి ఇంకా గట్టిగా, మా మేనమామగారి పేరు కూడా కలిపి చెప్పాడు.

నేను మేనమామగారింటికి పరుగెత్తాను. ఆయన అంతా విని, "మా తాలూకు కాడని చెప్పమంటావట్రా? ఆళ్ళమ్మని మా నాన్నగారే పెంచేరు. ఇప్పుడు నేనెళ్ళి కాదంటే ఈ ఊళ్ళో నా మాటకి విలువుంటుందా?" అన్నారు. ఆయన కూడా అబద్ధం ఆడలేదు. నేను తిరిగి రేవుకు వచ్చేసరికి కూలీల పడవలు ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరున్న ఓడ వైపు సాగిపోతున్నాయి. వాడు వాటిలో ఎక్కడున్నాడో పోల్చుకోలేకపోయాను.

కొట్టిన ఇంటి పేరు చెప్పడం ఇష్టం లేకనే వాడు ఆ ఇంటి పేరు చెప్పాడేమోనని కూడా అప్పుడప్పుడు అనిపిస్తుంది. అదీ తేలలేదు.

ఊరికి వచ్చి పాలమ్మకు జరిగింది చెప్పాను. "తప్పు చెప్పేడా బాబూ?" అని మాత్రం అడిగింది. లేదు, నిజమే చెప్పాడన్నాను.

తరవాత కొన్నాళ్ళకు కుంఫిణీ పోయి రాణీగారి ఏలుబడి వచ్చింది. ఆ ప్రకటన తెలుగులో చదవడం నా వంతయింది. కచ్చేరీ ముందు జనమంతా నిలబడి విన్నారు, కొందరు ఎందుకో ఏడ్చారు. అందరూ వెళ్ళిపోయాక పాలమ్మ దగ్గరికి వచ్చి, "రాణీగారు ఈళ్ళందరూ తన మనుషులేనన్నారు గదా బాబూ, మావోడు అందులో ఉన్నట్టేనా?" అంది. వాడు యానాం మనిషని దొర కాగితాల్లో ఎక్కడం నా కళ్ళతో చూశాను. అయినా ఉన్నాడన్నాను. "అయితే ఆరికో అర్జీ రాయి బాబూ, ఆరి బిడ్డేనని రాయి," అంది. రాశాను. ఏడాదికొకటి చొప్పున మూడు రాశాను. మొదటి రెండూ పంపాను, జవాబు రాలేదు. మూడోది పంపకుండానే పంపానని చెప్పాను. నాలుగోది రాయమనడానికి ఆమె లేదు.

ఇప్పుడు బడిలో పిల్లలు తమ జిల్లా ఏదో, తాలూకా ఏదో, తమను ఏలేవారెవరో తడుముకోకుండా చెబుతున్నారు. మంచిదే, అలా చెప్పడం వచ్చి ఉంటే ఆనాడు వాడు దక్కేవాడు. కాని రేవులో కొత్తవాడు దిగితే, నీ తరఫున మాట్లాడేవారెవరని అడిగే అలవాటు పోయింది. అడిగినా ఏం లాభమో నేను చెప్పలేను. ఆ దొర ముందు హద్దుల గురించి, అర్థాల గురించి, దస్కత్తు గురించి అంతసేపు వాదించాను. వాడి చెయ్యి పట్టుకుని, వీడు మా వాడండీ అనే మాట మాత్రం ఆ రోజంతటిలో నా నోటికి రాలేదు.