దీపం పడవ, ఒక శివరాత్రి

మీ నాన్న ఏం చేస్తాడని బళ్ళో ఎవరైనా అడిగితే "దీపం పెడతాడు" అనేదాన్ని. గుళ్ళోనా అని నవ్వేవాళ్ళు. గుళ్ళో కాదు, కృష్ణలో. మాచర్ల అవతల మా ఊరి రేవు దగ్గర, నది మలుపు తిరిగే చోట నీళ్ళ కింద పెద్ద బండ ఉంది. పగలైతే సుడి చూసి తప్పుకోవచ్చు. పొద్దుగూకితే ఏమీ కనపడదు. అటు నల్గొండ ఒడ్డు నుంచి మనుషుల్నీ బండ్లనీ ఎక్కించుకొచ్చే బల్లకట్టు దానికి తగిలిందా, అంతే సంగతులు. అందుకని ఆ బండ పక్కన ఒక ఇనప పడవను గొలుసులతో లంగరు వేసి నిలిపి, నడుమ స్తంభానికి పెద్ద లాంతరు కట్టారు. ఆ పడవ ఎక్కడికీ పోదు. వెలుగుతూ ఉన్నచోట ఉండటమే దాని పని.

రోజూ సాయంత్రం నాన్న పుట్టి, అదే గుండ్రటి బుట్ట పడవ, వేసుకుని వెళ్ళి లాంతరు వెలిగించేవాడు. తెల్లవారగానే మళ్ళీ వెళ్ళి ఆర్పి, కిరసనాయిలు నిండా పోసి, గాజును బూడిదతో తోమి, సాయంత్రానికి సిద్ధంగా పెట్టి వచ్చేవాడు. ఆ క్రమం తప్పితే అన్నం సహించేది కాదు ఆయనకి.

తర్వాత వంతెన వచ్చింది. బల్లకట్టు ఆగిపోయింది. పడవ ఒడ్డున పడి తుప్పు పట్టింది. తుక్కులోకి పోవలసినదాన్ని మా ఊరి హైస్కూలు సోషల్ టీచరు ఊరందరి వెంటా పడి, సిమెంటు దిమ్మెల మీదికి ఎక్కించి, మ్యూజియం చేయించింది. ఆమె కడుపు చల్లగుండాలి. మా ఊళ్ళో ఏ పనీ తిన్నగా జరగదు కదా, ఒక పార్టీ వాళ్ళు వచ్చి పడవకి తమ రంగు పూశారు. వారం తిరక్కముందే రెండో పార్టీ వాళ్ళు దాని మీద తమ రంగు పూశారు. టీచరమ్మ రెండూ గీకించి, మొదట ఉన్న ఎరుపే వేయించింది.

పడవ చరిత్ర బోర్డు మీద రాసిపెట్టమని నన్నడిగింది. మాచర్లలో తెలుగు పంతులమ్మను, పైగా దీపం పెట్టినాయన కూతుర్ని, ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. చివర్లో "ఒక్క రోజు కూడా ఈ దీపం వెలగకుండా ఉండలేదు" అని రాసి, మా ఇంట్లోనే ఉంటున్న నాన్నకి చదివి వినిపించాను.

"ఆ మాట కొట్టెయ్" అన్నాడు.

"ఎందుకు?"

"ఒకరోజు ఎలగలా. అబద్ధం రాసిన బోర్డు కింద నేను నిలబడను. మ్యూజియం ప్రారంభానికి రాను."

అప్పుడు చెప్పాడు. నా ఎనిమిదో ఏట శివరాత్రికి అందరం కోటప్పకొండ వెళ్ళాం. దీపం వేళకి తిరిగి రావాలని నాన్న లెక్క. మామయ్య వాళ్ళ ఊరు మొక్కుకుని కట్టిన, తాటిచెట్టంత ఎత్తు ప్రభ బండి మీద కొండ కిందికి చేరేదాకా కదలనని ఏడ్చింది నేనే. ఈలోగా బస్సులు ఆగిపోయాయి. మర్నాడు నాన్న పరుగున పడవ దగ్గరికి వెళితే లాంతరులో కిరసనాయిలు నిండా ఉంది. గాజు తళతళలాడుతోంది. అంటే ఎవరూ వెలిగించలేదు. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు గానీ, కంచే చేను మేసినట్టయిందని ఆయన బాధ. ఎవర్నీ అడిగే ధైర్యం లేదు. ఆ తర్వాత మళ్ళీ కొండకి వెళ్ళలేదు. మోకాళ్ళ నొప్పులనుకున్నాం, పిచ్చివాళ్ళం.

ఎంత బతిమాలినా వినడే! తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఒళ్ళు మండి మర్నాడు రేవుకి వెళ్ళి టీచరమ్మ ముందు గోడు వెళ్ళబోసుకున్నాను. పడవ నీడలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. వాళ్ళది ఒక పార్టీ, మాది ఇంకో పార్టీ; నేను పుట్టకముందు జరిగిన పంచాయతీ ఎన్నికల గొడవల నాటి నుంచి వాళ్ళింటికీ మా ఇంటికీ మాటల్లేవు. ఆవిడ ఉందని తెలిసీ నా నోరు ఆగలేదు.

"ఏమే, ఎలగలేదని ఎవరు చెప్పారు?" అంది ఆవిడ.

ఆ శివరాత్రి సాయంత్రం ఆవిడ భర్త మిరప కోతలకి కూలీలను తీసుకురావడానికి అవతలి ఒడ్డుకి వెళ్ళాడట. పొద్దుగూకుతున్నా దీపం లేకపోయేసరికి ఆవిడే పుట్టి వేసుకుని వెళ్ళి వెలిగించింది. తెల్లవారి వెళ్ళి ఆర్పి, తన ఇంటి కిరసనాయిలు పోసి, గాజు తోమి వచ్చింది. రోజూ నాన్న చేసేది ఒడ్డునుంచి చూసేదే కదా.

"మీ అయ్యని తిట్టుకుంటానే తెడ్డేశా" అంది.

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం పెద్దమ్మా?"

"చెబితే మా పార్టీవోళ్ళు ఊరుకుంటారా? మీ అయ్యని ఆ పనిలోంచి పీకించేవాళ్ళు. మీరు చానా చిన్నపిల్లలు అప్పుడు."

నాకు ఏడుపు ఆగలేదు. మా ఇంట్లో రోజూ పొయ్యి వెలిగిందంటే ఆవిడ నోరు మూసుకోవడం వల్లే. ఆవిడ ఎదురైతే మొహం తిప్పుకుని పెరిగినదాన్ని నేను.

జరిగింది చెప్పి మర్నాడు నాన్నను రేవుకి తీసుకొచ్చాను. పడవకేసి చూడనైనా లేదు. నేరుగా ఆవిడ దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ ఎత్తాడు.

"దణ్ణాలెందుకన్నా" అంది ఆవిడ. "ఎదురుపడ్డప్పుడల్లా తల తిప్పుకుని పోయావు. ఒక్క మాట మాట్లాడు, చాలు."

నాన్న ఆవిడ పక్కనే దిమ్మె మీద కూలబడ్డాడు. అప్పుడు అడిగాడు.

"ఆ రోజు మీ ఆయన బాగానే దిగాడా అమ్మా?"

"దిగాడు. ఇంటికొచ్చి అన్నం తింటా, 'పార్టీ ఏదన్నా గానీ, దీపం కాడ మాత్రం ఆయన నికార్సయిన మనిషి' అని నిన్ను మెచ్చుకున్నాడు. నేను ఊఁ అన్నా."