నిలబడి వాయించని చిన్నమామ

పోయిన వారం మా బంగారు గనుల ఊళ్లో, ఆండర్సన్‌పేట దగ్గర నేనెక్కిన ఆటో ఒక శవయాత్ర వెనకాల చిక్కుకుపోయింది. ముందు బ్యాండువాళ్లు. నడిచేది తక్కువ, ఆగేది ఎక్కువ. డాక్టరు వెళ్లిపోతాడేమోనని నేను విసుక్కుంటుంటే ఆటో అబ్బాయి, “పోనీలేప్పా, ఆయప్పకేం అర్జెంటు ఉండాది?” అన్నాడు. అర్జెంటు నాకుందిరా నాయనా అనుకున్నాను. ఆ ట్రంపెట్ వింటుంటే మా చిన్నమామ గుర్తొచ్చి విసుగు రెండింతలైంది.

చిన్నమామ మా అమ్మకు ఆఖరి తమ్ముడు, నాకంటే కాస్తే పెద్ద. బంగ్లాదేశ్ యుద్ధం నాటికి మాకు ఇరవై ఏళ్లు అటూ ఇటూ. ఆస్ట్రేలియా వెళ్లిపోతూ ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దాయన వదిలేసిన జాజ్ రికార్డులు విని, మామ ట్రంపెట్టూ, నేను డ్రమ్మూ, ఇంకో ఇద్దరు స్నేహితులు క్లారినెట్లూ పట్టుకున్నాం. రేకుల ఇంట్లో చెమటలు కక్కుతూ సాధన చేసేవాళ్లం. బయట వాయించే అవకాశం మాత్రం చావులకే దొరికేది. మా క్రైస్తవుల ఇళ్లలో శవపేటిక ముందు బ్యాండు నడవాలి. మాకు చెయ్యి తిరిగిందంతా సమాధుల దొడ్డిదాకా నడుస్తూనే.

యుద్ధం ముగిసిందని రేడియో చెప్పగానే, అన్నాళ్లూ ఆగిపోయిన డాన్సు మళ్లీ పెడుతూ గని ఆఫీసర్ల క్లబ్బువాళ్లు మమ్మల్ని పిలిచారు. బెంగుళూరు హోటల్ బ్యాండు మాస్టరు వినడానికి వస్తున్నాడు. నచ్చితే మామను తీసుకుపోతాడు. లేదంటే సోమవారం నుంచి మామ గనిలోకి దిగాలి. తాత అప్పటికే మాట్లాడేశాడు.

స్టేజీ ఎక్కాక తెలిసింది మా బండారం. కాళ్లు కదలకపోతే మాకు తాళం కదలదు! మొదటి పాట నత్తనడక నడిచింది. మామ మొహం ఎర్రబడింది. ఉన్నట్టుండి స్టేజీ దిగి, వాయిస్తూ నడవడం మొదలుపెట్టాడు. ఊపిరి కుదిరింది, పాట లేచింది. డ్రమ్ము మెడలోనే ఉంది కాబట్టి అలవాటుకొద్దీ నేనూ వెనకాలే నడిచాను. ఇక డాన్సు చేసేవాళ్లు, ఎంతైనా మా ఊరివాళ్లే కదా, ముందు పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు, తర్వాత జంటలు జంటలుగా మా వెనక వరస కట్టారు. ఒక పెద్దాఫీసరు టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

మాస్టరు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, “బాగా ఊదినావప్పా. కానీ మా హోటల్లో నడిచేకి తావు లేదు. ఒక్క పాట నిలబడి వాయించు, చాలు,” అన్నాడు.

ఎంత బతిమాలానో! “నిలబడేకి నేనేమన్నా లైటు కంబమా రేయ్?” అన్నాడు మామ. సోమవారం గనిలోకి దిగాడు. గని మూతపడేదాకా దిగుతూనే ఉన్నాడు. ఆ మొండితనం మీద నాకు కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఇప్పుడు మామకు మోకాళ్లు పనిచేయవు. గని దుమ్ము పుణ్యమా అని నాలుగు మాటలకొకసారి దగ్గు. మొన్న కుర్చీలో కూర్చునే, “అల్లుడా, ఇప్పుడైతే కదలకుండా వాయిస్తాను. ఆ మాస్టరు యాడ ఉండాడో చూడు,” అన్నాడు. ఆయన ఎప్పుడో పోయాడని మామకు తెలియదు. మామకు కుదురు నేర్పడానికి కాలానికి ఇన్నేళ్లు పట్టింది. వింటానన్న మనిషిని మాత్రం అది అంతసేపు కూర్చోబెట్టలేదు.