జీపు తిన్న వెన్న

ఆ కాలంలో జీపు ఉన్న ఇంటికి పిల్లనివ్వడానికి జనం ఎగబడతారని నాకో గట్టి నమ్మకం ఉండేది. (జనానికి ఆ నమ్మకం లేదని తర్వాత తెలిసింది.) బోధన్ చుట్టుపక్కల చెరుకు తోటలకు తిరగడానికి మా బాపు వేలంలో కొన్న పాత మిలిటరీ జీపు అది. నడిపేదీ, కడిగేదీ, విప్పేదీ, బిగించేదీ నేనే. నా గోళ్ల సందుల్లో నల్లటి గ్రీజు చూసి అప్పటికే రెండు సంబంధాలవాళ్లు "పిలగాడు మెకానికా ఏంది?" అని ముఖం తిప్పుకున్నారు. అందుకే వర్ని దగ్గరి పల్లెకు మూడో పిల్లను చూడబోయే రోజు కిరసనాయిలుతో చేతులు రుద్ది, సబ్బుతో తోమి, తెల్ల చొక్కా తొడిగాను. "గీ సంబంధమన్న కుదరాలె. బండి ముచ్చట ఎత్తకు, నోరు మూసుకొని కూసో," అని బాపు దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు.

నోరు మూసుకున్నాను గానీ కాలు ఊరుకోలేదు. ముందు ఇరుసులో, చక్రం దగ్గర, మోచేయిలా వంగే జాయింట్ ఒకటుంటుంది. చక్రం పక్కకు తిరిగినా ఇంజను బలాన్ని దానికి అందించేది అదే. కొన్నాళ్లుగా మలుపు తిప్పినప్పుడల్లా అది టక్ టక్ మంటోంది. బోధన్‌లో నాకు పని నేర్పిన ఉస్తాద్ "మార్చెయ్ బేటా, లేకుంటె ఇజ్జత్ తీస్తది," అని కొత్తది చేతిలో పెడితే, పెండ్లయ్యాక చూద్దాంలే అని సీటు కింద పడేశాను. పిల్ల ఇంటి ముందు కాలువ నీళ్లు పారి అంతా బురద. దిగి నడిస్తే పోయేది. కానీ గడపలో నలుగురు నిలబడి చూస్తున్నారాయె! నాలుగు చక్రాల గేరు వేసి, స్టీరింగు పూర్తిగా తిప్పి, గట్టిగా తొక్కాను. ఠప్! విరిగిన ముక్క అడ్డం పడి చక్రం బిగుసుకుపోయింది. బండి వాళ్ల పశువుల కొట్టం ముందు ఎటూ కదలకుండా నిలిచిపోయింది.

బాపుకు శకునాల పిచ్చి. "గడప ముంగటనే ఇరిగిందంటె ఇగ పిల్లను సూసుడు లేదు. బండి బాగుచెయ్, పోదాం," అని బయట మంచం మీద కూలబడ్డాడు. పిల్ల తండ్రి బతిమాలాడు. "అన్నా, ఇనుము ఇరిగితె పిల్లదేం తప్పు? లోపటికి రాండ్రి, ఇంత తినుండ్రి."

"సంబంధం కాని ఇంట్ల మేం మంచినీళ్లు సుత ముట్టం," అన్నాడు బాపు. (మాలో అది పెద్ద పట్టింపు. పిల్ల ఇంట్లో తిన్నామంటే ఖాయమైనట్టే.) నేను చొక్కా విప్పి బండి కిందికి దూరాను. చక్రం ఊడదీసి, ఇరుసు బయటికి లాగి, విరిగిన జాయింట్‌ను సుత్తితో కొట్టి వదిలించేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. లోపలి నుంచి కోడికూర వాసన. బాపు గుటక మింగి అటు తిరిగి కూర్చున్నాడు.

అసలు తంటా కొత్తది వేసేటప్పుడు వచ్చింది. దాని నాలుగు కొసలకూ చిన్న ఇనుప గిన్నెలు తొడగాలి. ఆ గిన్నెల్లో సూదుల్లాంటి కడ్డీలు వరసగా నిలబడాలి. గ్రీజు పూస్తేనే నిలబడతాయి. చేతులకు మసి అంటకూడదని ఆ రోజు గ్రీజు డబ్బాను ఇంట్లోనే వదిలేసిన తెలివి నాది! ఇరుసులో ఉన్న పాత గ్రీజు నిండా ఇనుప రజను. కడ్డీలు పెడుతుంటే పడుతున్నాయి, ఏరుతుంటే జారుతున్నాయి. అంతలో బండి అవతల పట్టీలు పెట్టుకున్న రెండు పాదాలు వచ్చి ఆగాయి.

"ఏం జారుతున్నయి?"

"సూదులు. గట్టి జిడ్డు కావాలె," అన్నాను బండి కింది నుంచే.

పాదాలు వెళ్లి, తిరిగి వచ్చాయి. ఒక చేయి మూకుడు కిందికి జరిపింది. అందులో తెల్లటి వెన్నముద్ద. చలికాలం కదా, మైనంలా గట్టిగా ఉంది. పూశాను. కడ్డీలు బుద్ధిగా నిలబడ్డాయి. "నీళ్ల ఇంజను సుత బాగుచేస్తరా?" అంది ఆ గొంతు. "మాది ఎప్పుడు సూసినా బందే." నల్లటి చేతులు చూసి కూడా ముఖం తిప్పుకోని మనిషి! "చేస్త!" అన్నాను. అంత గర్వంగా నేనెప్పుడూ ఏ మాటా అనలేదు. ఆ వెంటనే అసలు సంగతి తట్టింది. పని ఎంత తొందరగా అయితే బాపు నన్ను అంత తొందరగా లాక్కుపోతాడు. ఇక బిగించిన నట్టునే మళ్లీ విప్పి బిగించడం మొదలుపెట్టాను. "ఇంకెంత సేపురా?" అని బాపు ఆకలి కేకలు. నట్లు ఎన్నని ఉంటాయి? ఆఖరికి చక్రం ఎక్కించక తప్పలేదు.

"పద," అని బాపు లేచాడు. తలుపు వెనక నుంచి అదే గొంతు.

"నాయినా, సంబంధం కాకుంటె మన వెన్న మనకిచ్చి పొమ్మను."

"బిడ్డా, ఊకో!" అని తండ్రి కంగారు. బాపు నా వైపు చూశాడు. "ఏం వెన్నరా?" చెప్పాను. "తీసి ఇచ్చెయ్."

"తియ్యాలంటె మళ్ల మొత్తం ఇప్పాలె బాపు. పొద్దుగూకుతది."

బాపు జీపును చూశాడు, వంటింటి వైపు చూశాడు. "అంటె మనకన్న ముందే బండి తిన్నదా గీ ఇంట్ల?"

"తిన్నది బాపు."

"మరి మనకెందుకురా ఉపాసం!" అని గడప దాటాడు.

తర్వాత ఉస్తాద్ ఆ జాయింట్ విప్పి, వాసన చూసి, "ఏం మియా, జాయింట్ ఏసినవా, పరాఠా చేసినవా?" అని కడుపుబ్బ నవ్వి, శుభ్రంగా కడిగి గ్రీజు పెట్టాడు. ఆ జీపు ఎప్పుడో ఇనుప సామాన్ల కొట్టుకు పోయింది. మా ఆవిడకు కోపం వస్తే మాత్రం ఈ రోజుకూ "నా వెన్న నాకియ్యి, పోతా" అంటుంది. ఇంట్లో గేదె ఉంది, వెన్నకేం కరువు లేదు. అయినా బురద పట్టిన ఆ రెండు పాదాలు గుర్తొచ్చి, ఎందుకొచ్చిన సాహసమని, బాకీ అలాగే ఉంచుకున్నాను.